సదర్ కుర్చీ, మినిట్సు పుస్తకం

(కొల్లేటికోటలో చిన్న సేవాసంఘాల కార్యవర్గ సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మేము నడుపుతున్నది చిన్న సంఘం. పేద పిల్లలకు పరీక్ష ఫీజులు, వితంతువులకు నెలనెలా బియ్యం, దిక్కులేనివారికి కఫన్. ఇంత చిన్న పనికి నియమాలెందుకని మేమూ అనుకొన్నాం.

మా పూర్వపు సదర్ సాహెబ్ నిష్కళంకులు. చెక్కు మీద రెండు సంతకాలుండాలి. ఆయన మీది నమ్మకంతో కోశాధికారి ఖాళీ చెక్కులపై ముందే సంతకం చేసి ఇచ్చేవారు. ఆయన నోటిమాటే తీర్మానం. ఒక ఏడు ఫీజుల గడువుకు వారం ముందు ఆయన పక్షవాతంతో మంచాన పడ్డారు. ఖాతాలో సొమ్ముంది, తీసే దారి లేదు. సంతకందారును మార్చాలంటే బ్యాంకు వారు తీర్మానం అడిగారు. మినిట్సు పుస్తకం తెరిస్తే చివరి సమావేశం రెండేళ్ల నాటిది. చేబదులు తెచ్చి ఫీజులు కట్టాం. ఇద్దరికి గడువు దాటిపోయింది. వారిలో ఒక అమ్మాయి చదువే మానేసింది. ఆమె తండ్రి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేది.

ఇందులో దొంగ ఎవరూ లేరని గమనించండి. మంచివాని మీది నమ్మకమే మమ్మల్ని లెక్క అడగనీయలేదు.

2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సంఘం పెట్టడానికి కనీసం ఏడుగురు కావాలి. ఏటా కార్యవర్గ సభ్యుల జాబితాను రిజిస్ట్రారుకు సమర్పించాలి. ఆ ఏడుగురు సంతకాలకే కాదు, ప్రశ్నించడానికి కూడా. ఖైబర్‌లో తనకు లభించిన భూమిని హజ్రత్ ఉమర్ (రజి) వక్ఫ్ చేసినప్పుడు, దాన్ని చూసుకొనేవాడు మర్యాద మేరకు తినవచ్చునని, కూడబెట్టుకోరాదని షరతు పెట్టారు. సూరా బఖరా 282వ ఆయతు అప్పును వ్రాసుకొమ్మంటుంది, సాక్షులను పెట్టుకొమ్మంటుంది. అమానత్‌కు కాగితం అవమానం కాదు.

కొల్లేటివారికి మేము వేరే చెప్పాలా? 1970ల్లో జలగం వెంగళరావు ప్రభుత్వం ఇక్కడి పేదలకు సహకార సంఘాల ద్వారా చేపల చెరువులు ఇచ్చింది. పోనుపోను ఎన్నో చెరువులు లీజుదార్ల చేతికి వెళ్లాయి. సంఘం పేరు గ్రామానిది, పెత్తనం మరొకరిది.

ఇప్పుడు మా సదర్ సమావేశంలో చివర మాట్లాడతారు. మొదటే ఆయన అభిప్రాయం చెబితే, ఎదురు చెప్పే చిన్నవారు మన జమాఅతుల్లో ఎందరు? కాదన్నవారి మాటను పేరుతో సహా వ్రాస్తాం. తన బంధువుకు సాయం చర్చకు వస్తే ఆ సభ్యుడు లేచి బయటికి వెళతాడు. జకాత్ పద్దు వేరు, చందాల పద్దు వేరు. బియ్యం అందుకొనేది స్త్రీలైనా కార్యవర్గంలో ఒక్క స్త్రీ లేకపోవడం మాకు ఆలస్యంగా తోచింది, నేడు ఇద్దరున్నారు.

కోరం లేనిదే తీర్మానం లేదు. ఇది ఈ లంకల్లో కష్టమే. 2024 సెప్టెంబరులో చినఎడ్లగాడి వద్ద ఏలూరు–కైకలూరు రహదారి మీదికి నీళ్లెక్కాయి. మా సభ్యులు సగం మంది రాలేకపోయారు. పూర్వమైతే నీళ్లు తీశాక ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించేవాళ్లం. ఈసారి సమావేశాన్ని వాయిదా వేశాం. అత్యవసర సాయానికి ఇద్దరు బాధ్యులు కలిసి ఖర్చుచేయగల చిన్న మొత్తాన్ని ముందే తీర్మానించుకొన్నందున, బియ్యం మాత్రం ఆగలేదు. తరువాతి సమావేశంలో ఆ ఖర్చు మీద గట్టి వాదమే జరిగింది. అదీ వ్రాశాం.

ప్రస్తుత సదర్ గడువు వచ్చే షవ్వాల్‌తో తీరుతుంది. చెక్కుబుక్కు కోశాధికారి వద్ద, మినిట్సు పుస్తకం కార్యదర్శి వద్ద ఉంటాయి. పుస్తకాన్ని ఈవేళ వెంట తెచ్చాం. ఆ బల్ల మీద ఉంది, చూడదలచినవారు తిరగవేయవచ్చు.