ఊరి చెరువు - నీటి పక్షులు
(నడికుడిలో పరిసర గ్రామముల పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నిన్న తెల్లవారుజామున మీలో కొందరిని వెంటబెట్టుకొని మేము ఈ ప్రాంతపు చెరువుగట్లపై తిరిగితిమి. మా చేతులలో ఒక దుర్భిణి, ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు మాత్రమే ఉన్నవి. గట్టుమీద గేదెలను తోలుకొని పోవుచున్న ఒక పెద్దాయన మమ్ము చూచి, “పిట్టలను చూచుటకు కూడ సర్కారువారు రావలెనా?” అని నవ్వెను. ఆయన ప్రశ్న సహేతుకమైనదే. దానికి సమాధానము చెప్పుటయే నేటి మా ప్రయత్నము.

మన పల్నాడు మెట్టసీమ. సున్నపురాతి నేలలు, వానకు పొంగి ఎండకు సన్నగిల్లు నాగులేరు మనకు పూర్వమునుండి తెలిసినవి. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడువబడినది. కుడికాలువ వచ్చిన పిమ్మట వరిమళ్ళు పెరిగినవి, చెరువులకు కాలువనీరు అందినది. నీరు చేరిన చోటికి పక్షియు చేరును. పిలువకనే వచ్చు ఈ అతిథులను గుర్తించుట మన పని.

మేము మొదట చూచిన చెరువు పెద్దది కాదు. ఒక ప్రక్క లోతు, మరొక ప్రక్క మోకాలిబంటి నీరు. అంచున తుంగ, జమ్ము. నీటిలో నాలుగైదు తుమ్మచెట్లు. నడిచెరువున బుడబుంగలు మునిగి తేలుచుండెను. ఒక మోడుపై నీటికాకి రెక్కలు విప్పి ఎండకు ఆరబెట్టుకొనుచుండెను. దాని ఈకలు నీటికి తడియును గనుక మునిగి వేటాడిన పిమ్మట అట్లు ఆరబెట్టుకొనక తప్పదు. నారాయణపక్షి లోతున నిలిచినది. గుడ్డికొంగ ఒడ్డున కదలక పొంచియున్నది. ఉల్లంకిపిట్టలు బురదలో పురుగులను ఏరుకొనుచున్నవి. నత్తగొట్టుకొంగ ముక్కు మూసినను నడుమ సందు మిగిలియుండును. నత్తను పట్టి లోపలి మాంసమును తీయుటకు అది అనువైన పనిముట్టు. కాలి పొడవును బట్టి, ముక్కు తీరును బట్టి ఎవరి లోతు వారిది, ఎవరి మేత వారిది. వాటాల తగవు లేని ఆ సభను చూచి మీలో ఒకరు, “మన పంచాయతీ సమావేశము కూడ ఇట్లు జరిగిన బాగుండును” అనగా అందరము నవ్వితిమి.

రెండవ చెరువు మొదటిదానికంటె పెద్దది, నీరును ఎక్కువ. కాని నాలుగు ప్రక్కల నిట్టనిలువుగా రాతికట్టు, అంచునుండియే లోతు, చెట్టు లేదు, తుంగ లేదు. అచ్చట మాకు రెండు నీటికాకులు, ఒక లకుముకిపిట్ట మాత్రమే కనబడినవి. పక్షికి కావలసినది నీరు మాత్రమే కాదు. నిలువదగిన లోతులేని అంచు, కూర్చుండ చెట్టు కూడ కావలెనని ఆ రెండు చెరువులును మనకు పాఠము చెప్పినవి.

మన గ్రామములలో కొత్త కొంగ కనబడినచో అది సైబీరియానుండి వచ్చినదందురు. ఇది కొంతవరకే నిజము. సూదితోక బాతు వంటివి ఉత్తరాసియానుండి శీతకాలమున వచ్చి, ఎండలు ముదిరిన వెంటనే తిరిగిపోవును. గూడబాతులు, ఎర్రకాళ్ళకొంగలు, నత్తగొట్టుకొంగలు మాత్రము మన దేశపు పక్షులే. ఇవి నీటి నడుమనున్న చెట్లపై గూళ్ళు కట్టి, ఇక్కడనే పిల్లలను పెంచును. క్రింద నీరుండుటచే నక్క, పిల్లి గూటిని చేరలేవు. పిల్లలు ఎగురకమునుపే నీరు తీసివేసినచో కాపలా తీసివేసినట్లే యగును.

గుంటూరునకు సమీపమున, పెదకాకాని మండలములోని ఉప్పలపాడు చెరువు ఇందుకు మంచి నిదర్శనము. అది మహారణ్యము కాదు, ఊరి చెరువే. అందలి చెట్లపైనను, అటవీశాఖ నిలిపిన ఇనుప మంచెలపైనను గూడబాతులు, ఎర్రకాళ్ళకొంగలు, తెల్లకంకణములు గుంపులుగా చేరుచున్నవి. గ్రామస్థులు వేటగాండ్రను రానీయరు. పురిటికి వచ్చిన ఆడపడుచును పుట్టినింటివారు చూచుకొన్నట్లు వారు ఆ పక్షులను చూచుకొనుచున్నారు. కైకలూరు మండలములోని ఆటపాకయందును ఇట్లే గూడబాతులు గూళ్ళు కట్టుచున్నవి.

ఇప్పుడు మా తప్పిదమొకటి చెప్పవలెను. కొన్నేండ్ల క్రిందట ఒక గ్రామమునకు పూడికతీత ప్రచారమునకై మేము పోతిమి. సభ చక్కగా జరిగినది. సభానంతరము గట్టెక్కి చూడగా, నరికిన తుమ్మకొమ్మలతో పాటు గూళ్ళును బురదలో పడియుండెను. ఒక బాలుడు ఈకలు రాని కొంగపిల్లను చొక్కాలో చుట్టి తెచ్చి, “అయ్యా, దీనిని ఎక్కడ పెట్టమందురు?” అని అడిగెను. మా యొద్ద సమాధానము లేకపోయెను. పూడిక తీయుట తప్పు కాదు. రెండు నెలలు ఆగకపోవుట తప్పు. ఆ మాట సభలో చెప్పవలసినవారము మేమే, చెప్పలేదు. అందుచేతనే నేడు మీ ముందు నిలిచితిమి.

“ఇవి చేపలను తినవా?” అని చేపల పాటదారుడు అడుగును. తినును, నష్టమే లేదని మేము చెప్పము. కాని వాటి రెట్ట చెరువులోని నాచునకు ఎరువగును. ఆ నాచును నమ్ముకొని చిన్నజీవులు, వాటిని నమ్ముకొని చేపపిల్లలు పెరుగును. నత్తగొట్టుకొంగ వరిమడిలోని నత్తలను ఏరును. పశువుల వెంట తిరుగు తెల్లకొంగ మిడుతలను పట్టును. లెక్క రెండు వైపుల వ్రాసి చూచుకొనవలెను.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో చిన్ననీటి వనరులు, చేపల పెంపకము, సామాజిక అడవులు కూడ కలవు. కనుక ఇది మీ పరిధిలోని పనియే. మొదటిది: పూడికతీత, చెట్ల నరుకుడు గూళ్ళు ఖాళీ అయిన పిమ్మటనే జరుగునట్లు తీర్మానింపుడు. రెండవది: పూడిక తీయునపుడు ఒక ప్రక్కనైన ఏటవాలుగా, లోతులేని అంచు విడువుడు. మూడవది: చేపల పాట షరతులలో విషము పెట్టరాదనియు, పక్షులకు ఉచ్చులు పన్నరాదనియు వ్రాయుడు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద పక్షుల వేట శిక్షార్హము. నాలుగవది: పక్షులు చచ్చిపడియున్నచో చేతితో తాకక పశువైద్యునకు తెలుపుడు. మంచినీళ్ళ చెరువులో పక్షులను చేర్చుమని మేము కోరుట లేదు. ఊరికి ఉన్న తక్కిన కుంటలలో ఒకదానిని విడిచిన చాలును.

ప్రతి జనవరిలోను పలు ఆసియా దేశములలో నీటిపక్షుల లెక్క జరుగుచున్నది. మన దేశమున ఇది 1987లో ఆరంభమైనది. మీ బడి ఉపాధ్యాయుడును పిల్లలును ఒక ఉదయము గట్టుమీద కూర్చుండి తమ చెరువు లెక్క వ్రాయవచ్చును. ఏటేట ఆ లెక్క తగ్గుచున్నచో చెరువునకు ఏదో కీడు కలిగినదని ముందుగా తెలియును.

సాయంకాలము తిరిగి వచ్చుచుండగా ఆ పెద్దాయనయే ఎదురుపడి, “ఎన్ని లెక్కకు వచ్చినవి?” అని అడిగెను. పుస్తకము చూపితిమి. ఆయన కొంతసేపు చూచి, “ఆ తుమ్మల మీద మాపటికి ఇంకను వచ్చును, మీరు తొందరపడి లేచితిరి” అనెను. చెరువును ఎరిగినవారు మీ గ్రామములలోనే ఉన్నారు. వారి మాట తీర్మానముల పుస్తకములోనికి ఎక్కించుటయే మిగిలిన పని.

జైహింద్!