అన్నప్రాసన ఎప్పుడు?

(మహాసభల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

నిజానికి ఈ మాటలు పిల్లల్ని ఎత్తుకుని వెనక వరసల్లో నిలబడ్డ తల్లిదండ్రుల కోసమే.

ఆరోగ్య సదస్సులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకేం పని అని మీకు అనిపించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను డాక్టర్ని కాను. మా ఇంట్లో మేం చేసిన ఒక పొరపాటు వల్ల ఈ విషయం నేర్చుకోవాల్సి వచ్చింది. మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఆ పొరపాటు జరగడం చాలా తేలిక. అందుకే ధైర్యం చేసి నిలబడ్డాను.

అప్పట్లో మేం కౌలాలంపూర్‌లో ఉండేవాళ్ళం. మా రెండో సంతానం ఆడపిల్ల. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. అంతవరకు అంతా పద్ధతిగానే జరిగింది. అన్నప్రాసన మగపిల్లలకు సరి నెలల్లో అంటే ఆరు, ఎనిమిదిలో, ఆడపిల్లలకు బేసి నెలల్లో అంటే అయిదు, ఏడులో చేస్తారని మీకు తెలుసు. ఏడో నెలలో ముహూర్తం పెట్టుకున్నాం. అమ్మా నాన్నల వీసా ఆలస్యమైంది. తాతయ్య, నాయనమ్మ లేకుండా అన్నప్రాసన ఏమిటని వాయిదా వేశాం. మళ్ళీ బేసి నెల అంటే తొమ్మిదే. వేడుక ఘనంగా జరిగింది. పాప పుస్తకం పట్టుకుంది, ఫోటోలు బాగా వచ్చాయి. ఆ తర్వాత కూడా మేం పెట్టింది మెత్తటి అన్నం, చారు నీళ్ళు, పాలు.

పాపకి పదకొండో నెల నడుస్తుండగా ఉగాదికి ఒక మిత్రుడి ఇంటికి బటాంగ్ బెర్జుంటై వెళ్ళాం. సెలంగోర్ రాష్ట్రంలో, సెలంగోర్ నది ఒడ్డున, కౌలా సెలంగోర్ జిల్లాలో ఉన్న చిన్న ఊరు. 2007లో దాని పేరు బెస్తారి జయ అని మార్చారు గానీ, పెద్దవాళ్ళు ఇంకా పాత పేరే పలుకుతారు. ఒకప్పుడు చుట్టూ రబ్బరు తోటలు, తగరం గనులు. తర్వాత రబ్బరు పోయి ఆయిల్ పామ్ వచ్చింది. ఆ తోటల్లో పనికి మన విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ తెలుగు మాట్లాడుతున్నారు.

ఆ ఇంట్లో ఎనభై దాటిన ఒక మామ్మగారున్నారు. పాపని ఒళ్ళోకి తీసుకుని, కింది రెప్ప వేలితో లాగి చూశారు. "ఏటి బాబూ, పిల్ల ఇలా పాలిపోయింది? ఏటి పెడతన్నారు?" అని అడిగారు. నేను గర్వంగా అన్నప్రాసన సంగతంతా చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన కథ చెప్పారు.

రబ్బరు పాలు చల్లటి వేళలోనే బాగా కారతాయి. అందుకని తెల్లవారకముందే తోటలోకి వెళ్ళాలి. మూడో నెల బిడ్డని ఆయమ్మ చూసే కొట్టంలో వదిలి వెళ్ళేవారట. మధ్యాహ్నం తిరిగొచ్చేదాకా బిడ్డకి తియ్యటి డబ్బా పాలు నీళ్ళలో కలిపి పట్టేవారు. మలయ్‌లో పాలని సూసు అంటారు. "సూసు డబ్బా మీద బొద్దు పిల్లోడి బొమ్మ చూసి మంచిదే అనుకున్నాం బాబూ" అన్నారు. బిడ్డకి విరేచనాలు పట్టుకున్నాయి, తగ్గడం, మళ్ళీ రావడం. ఎనిమిదో నెలలో పోయాడు. "నాది మరీ ముందయిపోయింది. నీది ఆలీసం అయిపోతంది. అన్నానికి ముహూర్తమేటి బాబూ?" అన్నారు.

మర్నాడే రక్తపరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 8.6. ఐరన్ లోపం. పీల్చుకున్నట్టు తాగుతోంది, బరువు కూడా పరవాలేదు, అయినా రక్తం లేదు. చదువుకున్న తల్లిదండ్రులం, కడుపు నిండా తిండి ఉన్న ఇల్లు. ఆ రోజు పడిన సిగ్గు ఇప్పటికీ గుర్తుంది. మందులతో, తిండితో కొన్ని నెలల్లో కోలుకుంది.

ఇక అసలు విషయం. ఎప్పుడు మొదలుపెట్టాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకప్పుడు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అనేది. 2001లో దాన్ని మార్చి, మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే అని తేల్చింది. ఆరు నిండగానే ఘనాహారం మొదలుపెట్టి, రెండేళ్ళు, ఆపైన కూడా తల్లిపాలు కొనసాగించమంది. 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఘనాహారానికి ఆరు నెలలే గురుతు.

ముందే పెడితే ఏమవుతుంది? పేగులకు, మూత్రపిండాలకు ఇంకా ఆ శక్తి రాదు. పెట్టినంత మేరా తల్లిపాలు తగ్గుతాయి. గిన్నె, నీళ్ళు శుభ్రంగా లేకపోతే విరేచనాలు. 2011లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, డబ్బాపాలు తాగుతూ నాలుగు నెలలలోపే ఘనాహారం తిన్న పిల్లలకు మూడేళ్ళ వయసులో స్థూలకాయం అవకాశం సుమారు ఆరు రెట్లు కనిపించింది.

ఆలస్యం చేస్తే? బిడ్డ పుట్టేటప్పుడు తల్లి దగ్గర నుంచి తెచ్చుకున్న ఐరన్ నిల్వ దాదాపు ఆరు నెలలకు కరిగిపోతుంది. లీటరు తల్లిపాలలో ఐరన్ అర మిల్లీగ్రాము కూడా ఉండదు. ఏడో నెల నుంచి బిడ్డకు రోజుకు సుమారు 11 మిల్లీగ్రాములు కావాలని అమెరికా లెక్క. ఆ తేడా పూడ్చవలసింది తిండే. ఈ వయసులో ఐరన్ లోపం మెదడు ఎదుగుదలను కూడా దెబ్బతీయవచ్చు.

మామ్మగారి కథకి చరిత్రలో సాక్ష్యం ఉంది. జమైకాలో పుట్టిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్ట్‌లో పనిచేస్తూ 1933లో ఒక జబ్బును వర్ణించారు. తర్వాత బిడ్డ పుట్టాక పాలు మానిపించిన పెద్ద బిడ్డకు, మొక్కజొన్న గంజి మీద బతుకుతుంటే వచ్చే జబ్బది. అక్కడివాళ్ళ మాటలోనే దానికి క్వాషియోర్కర్ అన్న పేరు నిలిచింది. తర్వాత ఆవిడ మలయాకి వచ్చారు. పసిపిల్లలకు తియ్యటి డబ్బాపాలు అమ్మడాన్ని చూసి, 1939లో సింగపూర్ రోటరీ క్లబ్‌లో 'పాలు, హత్య' అనే అర్థం వచ్చే పేరుతో ప్రసంగించారు. పేరే చెబుతోంది ఎంత కోపంగా మాట్లాడారో. ఇలాంటి అమ్మకాల మీద అంతర్జాతీయ నియమావళి రావడానికి 1981 దాకా పట్టింది. భారతదేశంలో చట్టం 1992లో వచ్చింది.

ఇంకొక మాట, అమెరికా నుంచి వచ్చినవారి కోసం. వేరుశనగ, గుడ్డు పడవేమోనని ఏళ్ళ తరబడి దూరం పెట్టేవారు. 2000లో అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అలర్జీ ముప్పున్న పిల్లలకు వేరుశనగ మూడేళ్ళ దాకా వద్దంది. 2008లో ఆ సలహాను వెనక్కి తీసుకుంది. ఇంగ్లండులో 640 మంది పసిపిల్లలతో చేసి 2015లో ప్రచురించిన లీప్ అధ్యయనంలో, వేరుశనగకు దూరంగా పెరిగిన పిల్లల్లో అయిదేళ్ళకు 17 శాతానికి అలర్జీ వస్తే, మొదటి నుంచీ తిన్నవారిలో 3 శాతానికే వచ్చింది. మన అమ్మమ్మలు పల్లీపొడి కలిపి పెట్టడం తప్పేమీ కాదన్నమాట. అయితే గింజలు గింజలుగా ఎప్పుడూ వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పిల్లలకు, గుడ్డు పడని పిల్లలకు ముందుగా డాక్టర్ని అడగండి.

ఏం పెట్టాలి? బిడ్డ మెడ నిలిపి, ఆనించి కూర్చోబెడితే కూర్చుని, మీ కంచం వైపు చెయ్యి చాస్తుంటే సిద్ధమైనట్టే. రెండు మూడు చెంచాలతో మొదలు. ఎనిమిది నెలల దాకా రోజుకు రెండు మూడుసార్లు, ఆ తర్వాత మూడు నాలుగుసార్లు. చెంచా వంచితే జారిపోయే పల్చటి జావ కడుపు నింపుతుంది గానీ బలమివ్వదు. చెంచాలో నిలిచేంత చిక్కగా ఉండాలి. పప్పు, నెయ్యి, ఆకుకూర, గుడ్డుసొన, తినే ఇళ్ళలో చేప, మాంసం మెత్తగా చేసి. శాకాహారులు పప్పు, ఆకుకూరలతో పాటు నిమ్మ, జామ, టమాటా లాంటివి పెడితే ఐరన్ బాగా ఒంటపడుతుంది. సరిపోతోందో లేదో డాక్టర్ని అడగడం మంచిది. మామ్మగారు తర్వాతి పిల్లలకు ఉప్పులేని ఎండు నెత్తళ్ళు పొడిచేసి గంజన్నంలో కలిపి పెట్టారట. మలయ్ తల్లులు అదే చేపని ఇకాన్ బిలిస్ అని, బియ్యపు జావలో వేస్తారు. ఊరు మారినా వంట ఒకటే.

పంచదార, ఉప్పు తొందరపడి అలవాటు చేయకండి. పుట్టగానే నాలుక మీద తేనె రాయడం మన ఆచారమే గానీ, ఏడాది లోపు తేనె వద్దు. అందులో ఉండగల సూక్ష్మజీవి వల్ల బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

చివరిగా, ఎలా పెట్టాలి? హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు ఆంధ్రప్రదేశ్‌లో 60 గ్రామాల్లో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనం ఉంది. ఏం పెట్టాలో మాత్రమే కాక, బిడ్డతో మాట్లాడుతూ, ఆకలి సంజ్ఞలు గమనిస్తూ, ఆడిస్తూ పెట్టడం కూడా తల్లులకు నేర్పిన ఊళ్ళలో పిల్లల మానసిక వికాసం మెరుగ్గా కనిపించింది. చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టిన మన అమ్మలకు ఈ సంగతి ముందే తెలుసు. ఫోను చూపిస్తూ పెట్టే మనమే మరిచిపోయాం.

అన్నప్రాసన మానుకోమని నేననడం లేదు. తాతయ్య, నాయనమ్మల కోసం ఆగండి, మంచి ముహూర్తమే చూసుకోండి. కానీ ఆరు నిండిన నాడు వంటింట్లో నిశ్శబ్దంగా రెండు చెంచాల పప్పన్నం పెట్టేయండి. వేడుక వీసా వచ్చాక చేసుకోవచ్చు.

మా పాప ఇప్పుడు నా భుజం దాకా ఎదిగింది. మామ్మగారు ఇప్పుడు లేరు. పేరు కూడా తెలియకుండా పోయిన ఆ బిడ్డ పేరున, ఆ తల్లి తరఫున ఈ నాలుగు మాటలు మీకు చెప్పాను.