విదేశీ న్యాయవిద్య: ప్రయాణానికి ముందు ఒక ప్రశ్న

(దిల్‌సుఖ్‌నగర్‌లో తల్లిదండ్రులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ దిల్‌సుఖ్‌నగర్‌లో ఎటు చూసినా విదేశీ విద్య కన్సల్టెన్సీల బోర్డులే. ఇక్కడ మెట్రో ఎక్కి మూడో స్టేషన్‌లో దిగితే ఎల్బీనగర్. అక్కడ రంగారెడ్డి జిల్లా కోర్టుల సముదాయం ఉంది. ఈ బోర్డులకూ ఆ కోర్టుకూ మధ్య దారి మనం అనుకున్నంత సూటిగా లేదు. ఆ విషయమే నేడు మీకు విన్నవించదలచాను.

కొంతకాలం క్రితం మా బస్తీకి చెందిన ఒక దర్జీ సోదరుడు తన కుమార్తెను వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చారు. బి.ఏ. పూర్తిచేసిన ఆ అమ్మాయికి ఇంగ్లండులో రెండేళ్ల ఎల్.ఎల్.బి. కోర్సులో సీటు వచ్చింది. ఉన్న ఒక్క ప్లాటునూ బేరానికి పెట్టారు. కాగితాలు సరిచూడమని నన్ను కోరారు. నేను ముందుగా ఒక్క ప్రశ్న అడిగాను: “బేటీ, చదువు ముగిశాక ఏ దేశపు కోర్టులో వాదించదలచావు?” “మన ఎల్బీనగర్ కోర్టులోనే చాచా” అన్నది. ఇక్కడ డిగ్రీ తరువాత ఎల్.ఎల్.బి. మూడేళ్లు కదా, ఆ రెండేళ్ల కోర్సు ఇక్కడ చెల్లుతుందా అని అంతవరకు ఎవరూ విచారించలేదు. తండ్రి ముఖం చిన్నబోయింది.

సోదరులారా! అమెరికాలో ఎం.ఎస్. చదివిన మన పిల్లలను చూసి న్యాయవిద్యను కూడా అదే లెక్కన కొలుస్తున్నాము. కంప్యూటరు విద్య ఏ దేశంలోనైనా ఒక్కటే. చట్టం మాత్రం సరిహద్దు దాటితే మారిపోతుంది. అమెరికాలో చదువు ముగిశాక పనిచేసుకోవడానికి విద్యార్థి వీసాపై సాధారణంగా 12 నెలల అనుమతి లభిస్తుంది. సాంకేతిక విద్య చదివినవారికి దానిపై మరో 24 నెలలు ఉన్నాయి. న్యాయశాస్త్రం చదివినవారికి సాధారణంగా ఆ పొడిగింపు లేదు. అక్కడి మూడేళ్ల జె.డి.లో చేరడానికే ముందుగా ఒక డిగ్రీ ఉండాలి.

తిరిగివచ్చి ఇక్కడ వాదించాలంటే 1961 నాటి అడ్వకేట్ల చట్టం ప్రకారం ఆ విదేశీ పట్టాను బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించాలి. గుర్తించిన తరువాత కూడా విదేశీ పట్టా గల భారతీయులకు కౌన్సిల్ జరిపే అర్హతా పరీక్షలో నెగ్గాలి, రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి, అఖిల భారత బార్ పరీక్ష రాయాలి. పట్టా వేరు, వాదించే హక్కు వేరు. కార్నీలియా సొరాబ్జీ 1892లోనే ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్ర పరీక్ష రాశారు. అయినా ఎన్నో ఏళ్లపాటు ఆమె ఇక్కడ న్యాయవాదిగా నమోదు కాలేకపోయారు. స్త్రీలకు న్యాయవాద వృత్తి ద్వారాలు తెరిచే చట్టం 1923లో గాని రాలేదు. నాటి అడ్డంకి వేరు, నేటిది వేరు. వేచి ఉండవలసిన బాధ మాత్రం ఒక్కటే.

మన తెలుగువారిలో టంగుటూరి ప్రకాశం మరొక మార్గం చూపారు. ఆయన రాజమహేంద్రవరంలో ద్వితీయ శ్రేణి ప్లీడరుగా పేరు గడించిన తరువాతనే 1904లో ఇంగ్లండు వెళ్లి, బారిష్టరై వచ్చి మద్రాసు హైకోర్టులో వాదించారు. ముందు ఇక్కడ కాలూని, తరువాత అక్కడికి వెళ్లారు. మనవంటి కుటుంబాలకు నేటికీ ఇదే క్షేమమని నా అభిప్రాయం. లాసెట్ రాసి ఇక్కడ ఎల్.ఎల్.బి. చదివి, న్యాయవాదిగా నమోదై, ఆ పిమ్మట ఒక్క సంవత్సరం ఎల్.ఎల్.ఎం.కు వెళ్లవచ్చును.

ధన సహాయం కూడా ఆ దశలోనే లభిస్తుంది. మన రాష్ట్రంలో మైనారిటీలకు 2015లో ప్రారంభించిన ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం కింద 20 లక్షల రూపాయల వరకు ఇస్తారు. కుటుంబ వార్షికాదాయం 5 లక్షలకు మించరాదు. అయితే అది పి.జి., పిహెచ్.డి. చదువులకే గాని ఎల్.ఎల్.బి.కి కాదు. ఆ ఏటి ప్రకటనలో మీ కోర్సు ఉన్నదో లేదో చూసుకొని దరఖాస్తు చేయండి. బ్రిటన్ ప్రభుత్వపు చెవెనింగ్ ఉపకార వేతనానికి రెండేళ్ల పని అనుభవం కావాలి. చదివాక రెండేళ్లపాటు స్వదేశంలో ఉండాలి. విదేశీ విద్యా రుణాలపై వడ్డీ భారం తగ్గించిన కేంద్ర ప్రభుత్వ ‘పఢో పరదేశ్’ పథకాన్ని 2022-23 నుండి నిలిపివేశారు. వడ్డీకి దూరంగా ఉండదలచిన కుటుంబాలు అడ్మిషన్‌కు ముందే ఈ లెక్క వేసుకోవాలి.

గుమాస్తాగా జీవితమంతా ఫైళ్లు చూసినవాడిని గనుక కాగితాల గురించి రెండు మాటలు చెబుతాను. పదో తరగతి మెమోలో ‘ఎండి.’, ఆధార్‌లో ‘మొహమ్మద్’, పాస్‌పోర్టులో ‘మొహమ్మెద్’, తండ్రి పేరు ఒక్కోచోట ఒక్కో విధం. ఇది మన ఇంటింటి కథ. అన్నిటికీ మూలం పదో తరగతి మెమో; మిగిలినవాటిని దానికి అనుగుణంగా ఏడాది ముందే సరిదిద్దించండి.

రెండవది ఇంకా ముఖ్యం. బ్రిటన్ వీసాకు చూపవలసిన సొమ్ము 28 రోజులు వరుసగా ఖాతాలో ఉండాలి. ఆ సొమ్మును అద్దెకు తెచ్చి చూపిస్తామనేవారు, దొంగ పత్రాలు పుట్టించేవారు ఈ నగరంలో లేకపోలేదు. మోసం బయటపడితే పదేళ్లు ఆ దేశపు గడప తొక్కనివ్వరు. అమెరికాలోనైతే లైసెన్సు ఇచ్చేముందు అభ్యర్థి నడవడినీ విచారిస్తారు. న్యాయం చదవబోయే బిడ్డ తొలి అడుగు అబద్ధపు కాగితంపై వేయరాదు. హరామ్ సొమ్ము ఇంట్లోకి రానివ్వని మనం హరామ్ కాగితాన్ని ఎలా రానిస్తాము?

ఈ దేశపు జైళ్లలో విచారణ ఖైదీలుగా ఉన్న ముస్లింల శాతం జనాభాలో మన శాతం కంటే ఎక్కువ. జామీను కోసం తిరిగే తల్లులను ఎల్బీనగర్ కోర్టు మెట్లపై నేను చూశాను. వారికి లండన్ పట్టాతో పనిలేదు. తమ భాషలో తమ బాధ విని న్యాయమూర్తి ముందు నిలబడి చెప్పే మనిషి కావాలి. విదేశీ విద్య ఆ మనిషిని మరింత సమర్థుణ్ణి చేస్తే సంతోషమే. అప్పులపాలు చేసి, ఇక్కడి కోర్టుకే దూరం చేస్తే నష్టం ఒక్క కుటుంబానిది కాదు.

ఆ దర్జీ సోదరుని కుమార్తె సీటు వదులుకొని ఇక్కడే లాసెట్ రాసింది. ఇప్పుడు ఎల్.ఎల్.బి. రెండో సంవత్సరంలో ఉన్నది. వదులుకున్న నాడు ఎంతో ఏడ్చింది. ఆ మాట దాచను. ఇంగ్లండు ఆలోచన నేటికీ మానలేదు, మానమని నేనూ చెప్పలేదు. ఈసారి ఎల్.ఎల్.ఎం. ప్రకటనలు తానే చదివి, ప్రశ్నలు రాసుకొని నా వద్దకు వస్తున్నది. ప్లాటు ఇంకా వారిదే.

మీ పిల్లలను తప్పక పంపండి. పంపేముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి. అల్లాహ్ మన బిడ్డలకు ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించుగాక! ఆమీన్.