తోపు కూడా పబ్లిక్ గార్డెనే

(మంత్రాలయంలో జరిగిన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శీతాకాలంలో మన సభ్యులు కొందరం జరిపిన విహారయాత్రను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సు, బెంగుళూరు లాల్‌బాగు చూసినవారు మనలో చాలామంది ఉన్నారు. "మన కర్నూలు జిల్లాలో అటువంటి తోటలెక్కడున్నాయండీ?" అని ఒక మిత్రుడు నవ్వాడు. నిజమే, గులాబీ మళ్ళూ ఫౌంటెన్లూ మనకు తక్కువే. మన పూర్వుల పబ్లిక్ గార్డెను తోపు. ఊరి బయట, బాట పక్కన, బావి దగ్గర పది చింతచెట్లు, నాలుగు వేపచెట్లు. గేటు లేదు, టిక్కెట్టు లేదు. బాటసారి మూట దించుకోవచ్చు, గొర్రెలకాపరి నడుం వాల్చవచ్చు.

మేము పుష్యమాసంలో బయలుదేరాము. మన సీమలో తిరగడానికి అదే అదను. శివరాత్రి దాటిందంటే ఎండకు మన వయసువాళ్ళు గడప దాటలేరు. తెల్లవారుజామున తుంగభద్రలో స్నానం చేసి, స్వామివారి బృందావన దర్శనం చేసుకొని, ఆదోని మీదుగా పత్తికొండ చేరాము. చింత నీడన కూర్చుని జొన్నరొట్టెలు, బుడ్డల పొడి తిన్నాము. చెట్టు మీద కాయ ఇంకా పండుబారలేదు.

పత్తికొండనే ఎందుకు ఎంచుకున్నామో మనవి చేస్తాను. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని కంపెనీకి దత్తం చేసినప్పుడు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1807 వరకు ఇక్కడ పనిచేసి, 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. ఆయన మఠం భూముల విచారణకు వచ్చి రాఘవేంద్రస్వామివారితో మాట్లాడాడని ఈ ఊళ్ళో చెప్పుకునే కథ మీ అందరికీ తెలిసినదే. అది భక్తుల విశ్వాసం. పత్తికొండ సంగతి చరిత్ర. పదవి ముగించుకొని స్వదేశం వెళ్ళబోతూ, తాను పనిచేసిన జిల్లాలను కడసారి చూసిపోదామని వచ్చి, 1827 జూలై 6న కలరాతో పత్తికొండలో కన్నుమూశాడు. మన భాషలో చెప్పాలంటే, రిటైరు కాబోతున్న ఉద్యోగి క్యాంపులో పోయాడు. గుత్తిలో ఖననం చేసి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెంట్ మేరీ చర్చికి తరలించారు.

ఆయన జ్ఞాపకార్థం మద్రాసులో గుర్రంమీద కంచు విగ్రహం నిలిపారు. పత్తికొండలో మాత్రం ప్రభుత్వం బావి కట్టించి, తోపు వేయించింది. పరాయి దొరను పొగడడం నా ఉద్దేశం కాదు. ఆయన కంపెనీకి శిస్తు వసూలు చేయడానికి వచ్చినవాడే. కాని ఈ రెండు జ్ఞాపకాలకూ తేడా చూడండి. విగ్రహాన్ని చూసినవాడు ఇదెవరిదని అడగాలి. తోపులో కూర్చున్నవాడు ఎవరి పేరూ తెలియకపోయినా చల్లబడతాడు.

నేను రెవెన్యూ శాఖలో పనిచేసినవాణ్ణి కనుక ఒక ఆఫీసు మాట చెప్పక తప్పదు. పాత లెక్కల్లో 'తోపు పోరంబోకు' అని ఒక పద్దు ఉంది. అంటే ఆ నేల ఎవరి సొంతమూ కాదు, చెట్ల కోసం విడిచిపెట్టినది. సర్కారు భూమిలో చెట్టు నాటి పెంచినవాడికి 2-సి పట్టా ఇచ్చేవారు. కాయ అతనిది, నేల సర్కారుది, నీడ అందరిది. ఎంత తెలివైన ఏర్పాటో ఆలోచించండి! పలసాయం ఆశ ఉంటే మనిషి చెట్టును కాపాడతాడు, నేల మీద హక్కు లేకపోతే కంచె వేయడు.

సర్వీసులో చివరి రోజుల్లో ఒక గ్రామం తనిఖీకి వెళ్ళాను. లెక్కలో తోపు ఉంది, నేల మీద లేదు. ఆ చోట కొట్లు వెలిశాయి. ముందు రెండు చెట్లు ఎండాయి, తరువాత కట్టెలకు పోయాయి, ఆపైన ఒక పాక లేచింది. చెట్టు లేని తోపును అడిగే నాథుడుండడు. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అయితే తీర్పు తనంతట తాను ఊరికి నడిచిరాదు. లెక్క చదవగలిగినవాడు ఎవడో ఒకడు అడగాలి. ఆ లెక్క చదవడం మనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

కనుక సభవారికి నా మనవి రెండే. ఒకటి, ప్రతి సభ్యుడు తన స్వగ్రామంలో తోపు పోరంబోకు ఎంత ఉన్నదో, నేల మీద ఎంత మిగిలిందో రాసి సంఘానికి పంపాలి. రెండు, వార్షికోత్సవానికి శాలువలు, జ్ఞాపికలు తగ్గించి, ఆ డబ్బుతో ఏటా పది మొక్కలకు రెండు వేసవులు నీళ్ళు పోయించాలి. మన సీమలో మొక్క నాటడం ఒకనాటి పని, దాన్ని రెండు వేసవులు దాటించడమే అసలు పని.

"డెబ్బై ఏళ్ళకు చింత నాటితే కాయ తింటామా?" అని మీరు అడగవచ్చు. తినము. మనం చిన్నప్పుడు తిన్న చింతకాయ మాత్రం మనం నాటిన చెట్టుదా?