క్రిములను చంపే సబ్బు అవసరమా?



ఇంట్లో పసిపిల్లలుంటే చాలు, నాలుగు డబ్బులు ఎక్కువైనా 'క్రిములను చంపే సబ్బు'నే కొంటాం. తల్లి మనసు అలాంటిది. అయితే ఆ ఎక్కువ డబ్బుకు మనకు దక్కేదేమిటో ఒకసారి ఆలోచిద్దామా?

ఇలాంటి సబ్బుల్లో ఏళ్ళ తరబడి కలుపుతూ వచ్చిన మందు ట్రైక్లోసాన్. 1970 తర్వాత ఇది ముందుగా ఆస్పత్రుల్లో, ఆపరేషనుకు ముందు డాక్టర్లు చేతులు కడుక్కోవడానికి వచ్చింది. అక్కడి అవసరం వేరు. తర్వాత మెల్లగా మన స్నానాల గదిలోకి, సబ్బుల్లోకి, పళ్ళ పేస్టుల్లోకి చేరింది.

ఇళ్ళలో వాడే సబ్బుల్లో ఈ మందు మామూలు సబ్బుకన్నా ఎక్కువ మేలు చేస్తుందని రుజువు చూపమని అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ సంస్థ కంపెనీలను అడిగింది. తగిన రుజువు రాలేదు. అందుకని 2016 సెప్టెంబరులో ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బాన్‌లతో సహా 19 రసాయనాలను అలాంటి సబ్బుల్లో వాడరాదని శాసించింది.

"మరి మామూలు సబ్బు క్రిములను చంపదు కదండీ?" అంటారేమో. అన్నిటినీ చంపనక్కరలేదు. జిడ్డుగిన్నె తోమినప్పుడు ఏం జరుగుతుంది? జిడ్డు విడిపోయి నీళ్ళతో పోతుంది. చేతులకూ అంతే. జిడ్డుతోబాటు క్రిములూ ఊడి కొట్టుకుపోతాయి.

ఇక మనం కడిగిన నీళ్ళు తూములో పడి, మురుగుకాలువలో కలిసి, ఆఖరికి ఏటికి చేరతాయి. వాటితో కొంత ట్రైక్లోసాన్ కూడా వెళుతుంది. తమిళనాడులో కావేరి, వెల్లారు, తామ్రపర్ణి నదుల్లో శాస్త్రజ్ఞులు దీన్ని కనుగొన్నారు. నీటిలోని సన్నని నాచుకు ఇది విషం. ఆ నాచే ఎన్నో జలచరాలకు ఆహారం. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో థైరాయిడు హార్మోను తగ్గింది. మనుషుల్లో ఇంకా తేలలేదు. ఈ మందుకు అలవాటుపడిన క్రిములు కొన్ని, జబ్బుకు వాడే యాంటీబయాటిక్కులకూ లొంగకుండా తయారవడం ప్రయోగశాలల్లో కనిపించింది. రేపు మన పిల్లవాడికి జ్వరమొస్తే పనిచేయవలసిన మందులవి!

కాబట్టి అమ్మా, సబ్బు కొనేముందు కాగితం మీది చిన్న అక్షరాలు చదవండి. ఈ రెండు పేర్లూ ఉంటే పక్కన పెట్టండి. డాక్టరు ప్రత్యేకంగా చెప్పి వాడమన్నది మాత్రం ఆయన్ని అడగకుండా మానకండి. వంటకు ముందు, అన్నానికి ముందు, దొడ్డికి వెళ్ళివచ్చాక, పసివాళ్ళను శుభ్రం చేశాక మామూలు సబ్బుతో వేళ్ళ సందులు, గోళ్ళు బాగా రుద్ది 20 సెకన్లు కడగండి. పిల్లలచేతా కడిగించండి. ఆరోగ్యాన్నిచ్చేది ఆ అలవాటే కాని, ఖరీదైన సబ్బు కాదు.