లోహరంధ్రమా, ఎముకయా? (స్మారకోపన్యాసము)

ఈ ధర్మనిధి ఎవరి పేర వెలసినదో ఆ వైద్యుని విద్వత్తును నాకంటె బాగుగ నెరిగినవారు మైదుకూరులోనే పెక్కురు గలరు గనుక, నేను చెప్పదగినది ఒక్కటియే: దవడపండ్లన్నియు ఊడిన పిమ్మట ఆయన, ఎముకలో పాతుకొననిదానిని పన్నని ఒప్పుకొనక, కట్టుడుపండ్లను నిరాకరించి, కడవరకు రాగిసంకటి మ్రింగియే కాలము గడిపిరి. ఇక విషయమునకు వచ్చెదను.

స్వీడను దేశీయుడైన బ్రొనెమార్క్ కుందేటి ఎముకలో అమర్చిన టైటానియము ఊడిరాకుండుటను గమనించి, 1965లో మనుష్యుని దవడలో దానితో చేసిన దంతమూలములను నిలిపిన కథ ఎల్లరెరిగినదే. ఘన టైటానియపు బిరుసు సుమారు 110 గిగాపాస్కలులు, ఎముకది అంతకంటె ఎన్నో రెట్లు తక్కువ. కావున భారమంతయు లోహమే మోసి చుట్టునున్న ఎముక క్షీణించునను భయముతోను, ఎముక కణములకు లోపల చోటు కల్పింపవలెనను ఆశతోను లోహమును సచ్ఛిద్రము చేయ నారంభించిరి.

నా వివాదము ఆ రంధ్రముల కొలతను గురించినది. 1970లో హల్బర్టు ప్రభృతులు పింగాణి జాతి పదార్థములపై చేసిన పనినుండి 100 మైక్రానుల కనీస నియమము పుట్టినది; 2005లో కరాగియోర్గియు, కప్లానుల సమీక్ష తరువాత 300కు మించవలెనను మాట ప్రబలినది. పెద్ద రంధ్రమున రక్తనాళములు సులువుగ చొచ్చునను హేతువును నేను కాదనను. కాని గాజుపాత్రలో పెంచిన కణములను తక్కువ రంధ్రత్వమే ఎముక నిర్మాణమునకు ప్రేరేపించినదని ఆ సమీక్షలోనే యున్నది. దానిని మనవారు ఏల ఉదహరింపరు? 1980లో బాబిన్ బృందము కుక్కల తొడయెముకలలో 50 నుండి 400 మైక్రానుల వరకు గల రంధ్రములే శీఘ్రముగ గట్టి పట్టు నిచ్చినట్లు చూపెను. 2001లో ఇటాలా బృందము, భారము పడని కుందేటి ఎముకలో, 50 మైక్రానుల రంధ్రమునందును ఎముక పెరుగుట కనుగొనెను. ఈ విరుద్ధ సంఖ్యలను చూచి ఏదో ఒకటి తప్పనుట సులభము. అన్నియు నిజములే కాగల మార్గమును వెదకుట ధర్మము. ఆ మార్గము కదలిక. లోహము 28 మైక్రానుల మేర కదలినను రంధ్రములలో ఎముకయే పెరుగుననియు, 150 కదలినచో నారకణజాలమే నిండుననియు 1986లో పిల్లియర్ బృందము ప్రకటించెను. వదులైన గుంజచుట్టు మట్టి బిగియదు గదా! కదలికను కొలువక రంధ్రమునే కొలుచు పరిశోధన, ఎంత సూక్ష్మమైనను, సగము పరిశోధనయే.

ఆ కదలిక లోహమును స్వీకరించు ఎముకపై ఆధారపడును. పై ప్రయోగములలో కుక్కలు, కుందేళ్లు గలవు గాని మన నీరు త్రాగిన దవడ లేదు. నాటి మద్రాసు రాజధానిలో నీటి ఫ్లోరైడు వలన ఎముకలు దట్టమై కీళ్లు బిగిసిన వ్యాధిని షార్టు, ఆయన సహచరులు 1937లోనే వర్ణించిరి. అట్టి ఎముక దట్టముగ కనబడినను నిర్మాణమున లోపభూయిష్టము. అందు దంతమూలపు మరకు తొలి పట్టు దొరకినను, పిదప రంధ్రములలో పెరుగు ఎముక ఎట్టిదన్నదే నా ప్రస్తుత పరిశోధన. కావున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల దంతవైద్యులు, దవడలో రంధ్రము చేయునపుడు వెలువడు ఎముకపొడిని పారవేయక, రోగి అనుమతితో భద్రపరచి, అతడు త్రాగు బోరునీటి ఫ్లోరైడు ప్రమాణమును జతపరచి నాకు పంపవలెనని ప్రార్థించుచున్నాను.