చంపినోని పేరు కాదు, చచ్చినోళ్ళ పేర్లు చెప్పే నడక
(మంత్రాలయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊర్లో మన పిల్లోళ్ళు కొందరు ఆటోలు తోలుతాండారు, కొందరు యాత్రికులకు దారి చూపి పొట్ట పోసుకుంటాండారు. వాళ్ళు మమ్మల్ని ఒక మాట అడిగినారు. మఠం చూసినోళ్ళు కర్నూలు పోతారు, ఫ్యాక్షన్ ఊర్లు యాడున్నాయి, ఎవర్ని యాడ నరికినారు, అది చూపించండి అంటారు, చూపిస్తే నాలుగు రూపాయలొస్తాయి, తప్పా అని. దానికి జవాబు చెప్పేదానికే మేము ఈపొద్దు నిలబడినాం.

తప్పు అని ఒక్క మాటతో కొట్టేసేది కాదు. ఈ వ్యాపారం లోకంలో ఉన్నదే. లండన్‌లో వైట్‌చాపెల్ అని ఒక పేదల పేట. 1888లో అక్కడ ఐదుగురు ఆడోళ్ళను ఒకడు కోసి చంపినాడు. దొరకలేదు. జాక్ ది రిప్పర్ అని పేరు పడింది. ఇప్పటికీ పొద్దుగూకినాక టికెట్టు పెట్టి జనాన్ని ఆ సందుల్లో నడిపించి కథ చెప్తారు. వాని మారుపేరు ప్రపంచానికంతా తెలుసు. మరి చచ్చినోళ్ళో? మేరీ ఆన్ నికోల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీ. అందరూ పేదోళ్ళే. వాళ్ళ బతుకులను ముందుపెట్టి హాలీ రూబెన్‌హోల్డ్ రాసిన పుస్తకం 2019లో వచ్చింది, అంటే 131 ఏళ్ళకు!

మన కర్నూల్లో మాత్రం ఏమైతాంది? కొండారెడ్డి బురుజు కాడికి వచ్చినోడు 2003లో వచ్చిన 'ఒక్కడు' సినిమా ఫైటింగు గుర్తు చేసుకుంటాడు. కోయిలకుంట్లలో 1847లో ఉరి తీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ చెప్తారు. చెప్పాల్సిందే. ఆయన పక్కన నిలబడి పోరాడిన వడ్డె ఓబన్న పేరు మాత్రం ఎంతమంది నోట వస్తాంది? 1998 జూలైలో పాములపాడు మండలం వేంపెంటలో దళితుల్ని ఊచకోత కోసినారే, ఆ ఊరి దారి ఏ గైడన్నా చూపించినాడా? సినిమాల్లో ఫ్యాక్షన్ అంటే తెల్లచొక్కాల నాయకుడు, లేచే సుమోలు. ఆ నాయకుని వెంట బాంబుల సంచి మోసి, కేసుల్లో ఇరుక్కొని, పెండ్లాం బిడ్డల్ని రోడ్డున పడేసి చచ్చేటోడు జీతగాడు, కూలోడు. వానికి సమాధి కూడా లేదు, చూపించేదానికి.

ఇంకో తీరు నడక కూడా ఉంది. అమెరికాలో నల్లజాతి మనుషుల్ని గుంపులుగా పట్టుకొని చెట్లకు ఉరేసి చంపినారు. అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో వాళ్ళకు 2018లో స్మారకం కట్టినారు. జిల్లాకు ఒక ఇనుప దిమ్మె, మొత్తం 800కు పైగా, వాటి మీద తెలిసినంతవరకు చచ్చినోళ్ళ పేర్లు. ఊర్ల జనమే పోయి, హత్య జరిగిన జాగాలో మన్ను తవ్వి, సీసాల్లో పోసి, పేరు రాసి తెచ్చినారు. మాకు ఈ పని నచ్చింది.

మనకు ఆ జాగాలు లేవా? 1985 జూలై 17న కారంచేడులో మాదిగలు తాగే నీళ్ళను చెడగొట్టొద్దు అన్నందుకు ఆరుగురిని చంపినారు. బతికినోళ్ళు చీరాలకు పోయి శిబిరంలో ఉన్నారు. ఆ శిబిరం నుండే అదే ఏడు సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008 డిసెంబరు. ఒకనికి యావజ్జీవం, 29 మందికి మూడేండ్లు. ఇరవైమూడేండ్లు తిరిగినందుకు అదీ ఫలితం.

చుండూరు సంగతి చూడండి. 1991 ఆగస్టు 6. సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదా అంతదాకా పోయింది. ఊర్లో పోలీసులు ఉండగానే ఎనిమిదిమందిని వెంటాడి నరికినారు, శవాలను గోనె సంచుల్లో కట్టి కాలువలో పడేసినారు. ఆ కాలువ పేరు తుంగభద్ర డ్రెయిను. మన ఊరి ముందర పారే నది పేరే, అక్కడ మురుగు కాలువకు! శవాలను ఊరి నడుమనే పూడ్చినారు. ఆ జాగాను రక్తక్షేత్రం అంటారు. ప్రత్యేక కోర్టును కూడా ఆ ఊర్లోనే పెట్టించుకున్నారు. అది కొట్లాడి సాధించింది. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. కేసు సుప్రీంకోర్టుకు పోయింది.

కాబట్టి తమ్ముళ్ళూ, దారి చూపండి. అయితే ఆ ఊరోళ్ళను అడగకుండా కాలు పెట్టొద్దు. ముందు ఫోన్లు జేబులో పెట్టించండి. కథ మీరు చెప్పొద్దు, ఆ ఇంటి అవ్వ ఉంటే ఆమె చెప్తుంది. ఆమెకు చెప్పబుద్ధి కాకపోతే ఊరకే కూర్చొని లేచి రండి, అది కూడా సరే. అక్కడ టికెట్టు వసూలు మాత్రం వద్దు. మీకు కూలి కావల్లంటే బస్సు కిరాయిలో కలుపుకోండి, అది మీ కష్టం.

వచ్చే ఆగస్టు 6కు మేము చుండూరు పోతాండాం. మంత్రాలయం రోడ్డు టేసన్లో రైలెక్కి గుంతకల్లు, అక్కడ గుంటూరు బండి, తెనాలి దాటితే చుండూరు. తిరిగొచ్చేటప్పుడు చీరాల, కారంచేడు. వచ్చేటోళ్ళు పేర్లు రాయించండి. ఆడోళ్ళు ముందు. సద్ది మూటలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవల్ల.